పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పాములు: ఏది విషపుది, ఏది కాదు, కరిస్తే ఏం చేయాలి

ఎవరికైనా ఇప్పుడే పాము కరిచి, మీరు ఫోన్లో వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి ఉంటే మిగతాదంతా తర్వాత చదవండి. ముందు ఈ నాలుగు పనులు చేయండి.

1. 108కి ఫోన్ కొట్టండి. అంబులెన్స్ లేటయ్యేలా ఉంటే కారు, ఆటో, బైకు, ఏది ముందు దొరికితే దాంట్లో బయలుదేరండి.
2. కరిచిన కాలినో చేతినో కదపనివ్వకండి. మనిషిని నడిపించకండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, వాచీ వెంటనే తీసేయండి.
3. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవేవీ వద్దు.
4. విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ దవాఖానకే నేరుగా పోండి. మంత్రగాడి ఇంటి ముందు ఒక్క నిమిషం కూడా బండి ఆపకండి.

ఇక తీరికగా చదివేవాళ్ళ కోసం మిగతా సంగతులు.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఏటా సగటున 58 వేల మంది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే, అంటే మన వానాకాలం పంట రోజుల్లోనే. ఈ చావులు ఎక్కువగా జరిగే ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును పట్టించుకోకుండా వదిలేసిన రోగాల జాబితాలో చేర్చింది. చనిపోయేది దాదాపుగా పల్లెల్లోని రైతులు, కూలీలు, వాళ్ళ పిల్లలు. నాకు బాధ కలిగించేది ఏంటంటే, వీళ్ళలో చాలామందిని బతికించే మందు మనకు దగ్గర్లోనే ఉంటుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు పక్కన తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ ఫ్యాక్టరీ తయారుచేసేది ఆ మందునే. మందు ఉన్నా మనిషి దాని దగ్గరికి టైముకు చేరడం లేదు. అందుకే ఈ మార్గదర్శి.

మొదటి మెట్టు: ప్రాణం తీసే నాలుగింటిని గుర్తుపట్టడం

దేశంలో 300కు పైగా జాతుల పాములున్నాయి. మన వైపు మనుషుల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దవాఖానలో ఇచ్చే విరుగుడు కూడా ఈ నాలుగింటి విషం మీదే పనిచేసేలా తయారవుతుంది.

నాగుపామును పరిచయం చేయక్కర్లేదు. పడగ విప్పితే వెనక కళ్ళజోడు గుర్తు కనిపిస్తుంది. అయితే పడగ విప్పనప్పుడు అది మామూలు గోధుమరంగు పాములానే ఉంటుంది, చాలామంది పొరబడేది అక్కడే. ఎలుకల కోసం వడ్ల బస్తాల దగ్గరికి, కోళ్ళ గూట్లోకి, కొట్టంలోకి వస్తుంది. కరిచిన చోట నొప్పి, వాపు వస్తాయి, తర్వాత అక్కడి కండ నల్లబడి కుళ్ళిపోవచ్చు. అరగంట నుంచి కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి.

రక్తపింజర లావుగా, మొద్దుగా ఉంటుంది. ఒంటి మీద మూడు వరుసల్లో నల్లటి అంచున్న ముదురు గోధుమ మచ్చలు తల నుంచి తోక దాకా సాగుతాయి. తల మూడు మూలలుగా, మెడ సన్నగా. అడుగు దూరానికి మనిషి వచ్చినా పారిపోకుండా చుట్టచుట్టుకుని, పక్క మడిలో ఉన్నవాళ్ళకు వినిపించేంత గట్టిగా బుసకొడుతుంది. ఆ బుస వినిపిస్తే ఉన్నచోటే ఆగి, వచ్చిన దారినే వెనక్కి అడుగు వేయండి. వరి మడి గట్లు, గడ్డి కుప్పలు, చెరువు కట్ట మీది పొదలు దీనికి ఇష్టం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు వరి ఎక్కువ, వరి ఎక్కువ ఉన్నచోట ఎలుకలు ఎక్కువ, ఎలుకలున్నచోట ఇదీ ఉంటుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్క ఈతలో ఇరవై ముప్పై పిల్లలు కూడా ఉండొచ్చు. జానెడు పిల్లకూ విషం ఉంటుంది. దీని విషం నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది: చిగుళ్ళలోంచి రక్తం, మూత్రంలో రక్తం, కాలు మొత్తం ఉబ్బడం. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోతుంది.

చిన్నపింజర మూరెడే ఉంటుంది. చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. గద్వాల, నారాయణపేట, దేవరకొండ వైపు ఎర్ర చెలకల్లో, రాళ్ళ కుప్పల కింద, ఎండు గడ్డిలో ఉంటుంది. మట్టి రంగు, వంకర వంకర తెల్ల గీతలు, తల మీద బాణం ములికి ఆకారంలో గుర్తు. కోపమొస్తే ఒంటిని మడతలు పెట్టి రుద్దుతుంది, పొలుసులు గీరుకుని రంపంతో కోస్తున్నట్టు చప్పుడొస్తుంది. చాలా వేగంగా కాటేస్తుంది. దీని విషం కూడా నెత్తురు మీదే పనిచేస్తుంది.

కట్లపామును చివరికి ఉంచింది కావాలనే. నన్ను అడిగితే మన ఇళ్ళలో అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. నల్లగా, నిగనిగలాడుతూ, సన్నటి తెల్ల కట్లతో ఉంటుంది. ఆ కట్లు చాలాసార్లు జంటలు జంటలుగా ఉంటాయి. తల దగ్గర కట్లు ఉండవు, లేదా మసకగా ఉంటాయి, తోక వైపు పోయేకొద్దీ స్పష్టంగా కనిపిస్తాయి. పగలు దీన్ని చూస్తే సోమరిగా తల దాచుకుంటుంది, కర్రతో కదిపినా కరవకపోవచ్చు. రాత్రయితే పూర్తిగా మారిపోతుంది. బల్లుల కోసం, ఎలుకల కోసం, ఇతర పాముల కోసం ఇళ్ళలోకి వచ్చి, నేల మీద పడుకున్న మనుషుల పక్కల్లోకి చేరుతుంది. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలితే కరుస్తుంది.

కట్లపాము కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. మనిషి చీమో దోమో అనుకుని మళ్ళీ పడుకుంటాడు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు అనిపించడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. ఆ తర్వాత కనురెప్పలు లేవవు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది. మా ఊరి దగ్గర తండాలో ఇలాగే ఒక పెద్దమనిషిని పొద్దున ఫిట్స్ అనుకుని తీసుకుపోయారు. పక్కబట్టలు దులిపితే పాము బయటపడింది. కాబట్టి నేల మీద పడుకున్న మనిషికి రాత్రిపూటో తెల్లవారుజామునో ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి, దాంతోపాటు కళ్ళు వాలిపోతుంటే, కాటు గుర్తు లేకపోయినా దాన్ని పాము కాటుగానే తీసుకోండి. దవాఖానలో డాక్టరుకు కూడా ‘కింద పడుకున్నాడు’ అన్న మాట ముందే చెప్పండి.

రెండో మెట్టు: అనవసరంగా చచ్చిపోతున్నవాటిని గుర్తుపట్టడం

ఊళ్ళో కర్రలకు బలయ్యే పాముల్లో ఎక్కువ భాగం మనిషికి ఏ హానీ చేయనివే.

జెర్రిపోతుతో మొదలుపెడదాం. ఆరేడు అడుగులుంటుంది, పసుపు కలిసిన గోధుమ రంగు, పెద్ద కళ్ళు, మెరుపులా పరుగు. విషం అసలు లేదు. ఇది మగ పామనీ, నాగుపాముతో జతకడుతుందనీ మన దగ్గర గట్టి నమ్మకం. అది నిజం కాదు, జెర్రిపోతుల్లో ఆడవీ మగవీ వేరుగా ఉన్నాయి. రెండు పాములు పెనవేసుకుని నిలబడి ఆడుతున్నట్టు కనిపిస్తే అవి చాలాసార్లు రెండు మగ జెర్రిపోతులు ఆడపాము కోసం కుస్తీ పడుతున్నట్టు. ఆవు పొదుగుకు చుట్టుకుని పాలు తాగుతుందన్నదీ నిజం కాదు. ఇది తినేది ఎలుకల్ని. వడ్లు పండించే రైతు జెర్రిపోతును చంపితే తన గింజలు తనే ఎలుకలకు పెట్టినట్టు.

నీరుకట్టె చెరువులు, కాలువలు, వరి మళ్ళలో ఉంటుంది. ఒంటి మీద గళ్ళు గళ్ళుగా నల్ల మచ్చలు. దీనికి కోపం ఎక్కువ, పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది, నెత్తురొస్తుంది, కానీ విషం లేదు. పసిరిక పాము పచ్చగా సన్నగా చెట్ల కొమ్మల్లో ఉంటుంది. దాని కొద్దిపాటి విషం బల్లులకే గానీ మనిషికి ప్రమాదం కాదు. కళ్ళు పొడుస్తుందన్నది వట్టి భయమే. గుడ్డిపాము వానపాములా ఉంటుంది, వానలు పడగానే బాత్రూముల్లోకి వస్తుంది, దానికి మనిషి చర్మాన్ని కొరికే నోరు కూడా లేదు. కొండచిలువ నల్లమల అంచుల్లో, కృష్ణ ఒడ్డు ఊళ్ళలో అప్పుడప్పుడు కనపడుతుంది, మేకపిల్లలకూ కోళ్ళకూ తప్ప పెద్దవాళ్ళకు భయం లేదు.

రెండు తలల పాము గురించి ఒక మాట. తోక మొద్దుగా ఉండడం వల్ల రెండు తలల్లా కనిపిస్తుంది, అంతే. లక్షలు పలుకుతుందని, గుప్తనిధులు చూపిస్తుందని చెప్పి దీన్ని అమ్మే ముఠాలు తిరుగుతుంటాయి. కొన్నా అమ్మినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు.

ఇప్పుడు అసలు చిక్కు. విషం లేని పాముల్లో రెండు, విషపు పాములకు కవలల్లా కనిపిస్తాయి. ఒకటి గోడలు, దూలాలు ఎక్కే చిన్న గోధుమరంగు చారల పాము, కట్లపాముకు దగ్గరగా ఉంటుంది. దీని చారలు మెడ దగ్గర వెడల్పుగా, స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి, కట్లపాముకు సరిగ్గా తలకిందులు. రెండోది మచ్చలున్న పొట్టి మట్టిపాము, రక్తపింజరకు దగ్గరగా ఉంటుంది. దీని మచ్చలు వరుసలో ఉండవు, ఇష్టమొచ్చినట్టు కలిసిపోయి ఉంటాయి, తోక చాలా పొట్టి.

ఇంత చెప్పాక కూడా నా మాట ఇదే: ఈ తేడాలు పామును చంపకుండా ఉండడానికి వాడండి, చేత్తో పట్టుకోవడానికి వాడకండి. కరిచిన తర్వాతైతే ‘అది కట్లపాము కాదులే’ అని ఇంట్లో కూర్చోవడానికి అసలే వాడకండి. రాత్రి చీకట్లో, కంగారులో, అనుభవమున్నవాళ్ళు కూడా పొరబడతారు.

మూడో మెట్టు: ఉత్తుత్తి పరీక్షలు మానేయడం

రెండు గాట్లుంటే విషపుది, ఎక్కువ గాట్లుంటే కాదు అంటారు. ఒక కోర మాత్రమే దిగొచ్చు, రెండుసార్లు కరవొచ్చు, కట్లపాముకైతే గాటే కనపడదు. తల మూడు మూలలుగా ఉంటేనే విషం అంటారు. నాగుపాముకూ కట్లపాముకూ అలాంటి తల ఉండదు. వేపాకు నమిలించి చేదు తెలిసిందా, మిరపకాయ కొరికించి కారం తెలిసిందా అని చూస్తారు. విషం ఎక్కుతున్నా నాలుకకు రుచి తెలుస్తూనే ఉంటుంది. పైగా గొంతు పక్షవాతానికి గురవుతున్న మనిషి నోట్లో ఆకులు పెడితే అవి ఊపిరి గొట్టంలోకి పోతాయి. కోడిపిల్లను గాటు మీద పెట్టడం, నాగరాయి అంటించడం కూడా ఇంతే.

మంత్రం వేస్తే బతికిన మనుషులు మీ ఊళ్ళోనూ ఉంటారు. ఉంటారు, ఎందుకంటే కరిచే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్న పాము కూడా చాలాసార్లు విషం దించకుండా ఉత్తి కాటు వేసి వదిలేస్తుంది. ఆ మనుషులు ఇంట్లో పడుకున్నా బతికేవాళ్ళే. విషం నిజంగా దిగినవాళ్ళు మాత్రం ఆ రెండు గంటల ఆలస్యంతో చనిపోయారు, వాళ్ళను ‘టైము బాగాలేదు’ అని మరిచిపోయాం. ఊళ్ళో మంత్రం వేసే పెద్దాయనతో తగువు పడమని నేను అనను. ఆయన్నే కూర్చోబెట్టి, ఎవరొచ్చినా ముందు బండెక్కించి పంపమని, మంత్రం దూరం నుంచే వేయమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళకూ మనుషులు బతకాలనే ఉంటుంది.

నాలుగో మెట్టు: ఇంటిని సర్దుకోవడం

చేతిలో పది రూపాయలే ఉంటే వాటిని దేని మీద పెట్టాలని అడిగితే దోమతెర అంటాను. నులక మంచం మీద పడుకుని, దోమతెర వేసుకుని, దాని అంచుల్ని బొంత కిందికి బాగా దోపితే కట్లపాము దాదాపు రాలేదు. నేపాల్ తరాయి ప్రాంతంలో చేసిన పరిశీలనలో దోమతెర వాడేవాళ్ళకు పాము కాట్లు బాగా తక్కువని తేలింది. మంచం లేకపోయినా కింద చాప మీద కూడా దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకోవచ్చు. ఇటుక బట్టీలకు, పత్తి ఏరడానికి వలసపోయి గుడిసెల్లో నేల మీద పడుకునే పాలమూరు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. పోయేటప్పుడు గిన్నెలతో పాటు దోమతెర కూడా మూట కట్టుకోండి.

పడుకునే గదిలో వడ్ల బస్తాలు, పల్లికాయ బస్తాలు పెట్టకండి. గింజ ఉంటే ఎలుక, ఎలుక వెనకాలే పాము. స్థలం లేదంటే బస్తాల్ని బల్ల మీదో ఇటుకల మీదో ఎత్తి పెట్టి, గోడకు కాస్త ఎడంగా ఉంచండి. కట్టెల మోపులు, పిడకలు, పాత పెంకులు, బండలు ఇంటి గోడకు ఆనించకండి, కోళ్ళ గూడు కూడా దూరంగా ఉండాలి. తలుపు కింద వేలు దూరేంత సందుంటే కట్లపాము దూరుతుంది, రబ్బరు పట్టీ కొట్టించండి, లేదా రాత్రిపూట తడిబట్ట మడిచి అడ్డం పెట్టండి. బాత్రూం నీళ్ళు బయటికి పోయే గొట్టానికి జాలీ బిగించండి. మట్టి గోడల్లో, అరుగుల్లో ఉన్న ఎలుక బొక్కలు మూసేయండి.

రాత్రి దొడ్డికి పోయేటప్పుడు, పశువులకు మేత వేసేటప్పుడు బ్యాటరీ లైటు తప్పనిసరి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి.

బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, వెల్లుల్లి, గంధకం చల్లితే పాము రాదన్నది నమ్మకండి. డబ్బు దండగ, పైగా చల్లామన్న ధైర్యంతో లైటు లేకుండా తిరుగుతాం.

ఐదో మెట్టు: చేనూ పొలమూ

కాట్లలో ఎక్కువ భాగం పాదాల మీద, మడమల దగ్గర, తర్వాత చేతుల మీద పడతాయి. మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుంటే చాలా కాట్లు ఆగిపోతాయి. బురద మడిలో అవి పనికిరావని నాకూ తెలుసు, నాట్లప్పుడు సాధ్యం కాదు. కానీ గట్ల మీద తిరిగేటప్పుడు, మందు కొట్టేటప్పుడు, గడ్డి కోసేటప్పుడు, బత్తాయి తోటలో కలుపు తీసేటప్పుడు వేసుకోవచ్చు.

చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి. గడ్డివాములోంచి గడ్డి పీకేముందు, వరి కట్టలు ఎత్తేముందు, కోసి ఆరబెట్టిన పల్లి చెట్ల కుప్పను లేపేముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టి కాసేపు ఆగండి. పాముకు బయటి చెవులు లేవు గానీ నేల అదురు బాగా తెలుస్తుంది, చాలాసార్లు అదే పోతుంది. రక్తపింజర మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది, అందుకే కొట్టాక కూడా కళ్ళతో చూసే చెయ్యి పెట్టాలి.

బోరు మోటరు స్టార్టర్ డబ్బా చాలామంది మరిచిపోయే చోటు. వెచ్చగా, చీకటిగా ఉంటుంది, బల్లులూ కప్పలూ చేరతాయి, వాటి కోసం పాము వస్తుంది. డబ్బా తలుపు చేత్తో కాకుండా ఎండు కర్రతో తెరిచి, లైటు వేసి చూశాకే బటన్ నొక్కండి. రాత్రి మోటరు వేయడానికి ఒంటరిగా పోవాల్సి వస్తే ఫోన్ ఛార్జింగ్ చూసుకుని, ఇంట్లో చెప్పి పోండి. కరిచినప్పుడు పక్కన మనిషి లేకపోవడమే చాలా ప్రాణాలు తీస్తోంది.

వరికోత చివర్లో మిషన్ పొలం మధ్యకు వచ్చేకొద్దీ పాములన్నీ మిగిలిన చిన్న ముక్కలోకి చేరతాయి. ఆ టైములో పిల్లల్ని ఎలుకలు పట్టడానికి పొలంలోకి దిగనివ్వకండి.

ఆరో మెట్టు: పాము ఇంట్లో కనిపిస్తే

కంగారుపడి కర్ర తీసేవాళ్ళనే అది ఎక్కువగా కరుస్తుంది. పాము తన ఒంటి పొడవులో సగం దూరం దాకా కాటు వేయగలదు, కాబట్టి రెండు మూడు మీటర్ల ఎడం ఉంచండి. పిల్లల్ని, కుక్కను బయటికి పంపండి. ఒకరు దూరం నుంచి దాన్నే చూస్తూ ఉండాలి. కన్ను తిప్పితే ఏ మూలకు పోయిందో తెలియక రాత్రంతా టెన్షన్. లోపలి గదుల తలుపులు మూసి, కింద గుడ్డలు పెట్టి, బయటి తలుపు తెరిచి ఉంచితే చాలాసార్లు దానంతట అదే పోతుంది. పోకపోతే అటవీ శాఖకో, శిక్షణ పొందిన పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చేయండి. హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తోంది. మీ దగ్గర్లో ఎవరున్నారో అటవీ బీట్ ఆఫీసర్‌ను ముందే అడిగి నంబర్ రాసిపెట్టుకోండి. పాముల్ని చంపడం, పట్టి ఆడించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చచ్చిన పామును కూడా చేత్తో ముట్టుకోకండి. తెగిన తల సైతం కొన్ని గంటల దాకా కరవగలదు. చంపితే జంట పాము పగబడుతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి, పాములకు మనిషిని గుర్తుపెట్టుకునే తెలివి లేదు.

ఏడో మెట్టు: కరిచిన తర్వాత దవాఖాన దాకా

ముందు మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. చుట్టూ చేరి ఏడవడం, ‘నాగుపామంట’ అని అరవడం వల్ల గుండె వేగం పెరుగుతుంది. టైము చూసి గుర్తుపెట్టుకోండి. కాలికి కరిస్తే రెండు పక్కలా చెక్కో గొడుగో పెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు వదులుగా గుడ్డతో కట్టండి. వేలు సులువుగా దూరాలి. గాటును సబ్బుతో రుద్ది కడగకండి.

బిగించి కట్టే తాడు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు చేసేది అదే. అది విషాన్ని పూర్తిగా ఆపదు. రక్తం ఆగి కాలు కుళ్ళుతుంది, పింజర కాటుకైతే విషం ఒకేచోట చేరి కండను మరింత పాడుచేస్తుంది. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే దారిలో ఠక్కున విప్పకండి, విప్పగానే విషం ఒక్కసారిగా పైకి పోవచ్చు. డాక్టరు ముందు విప్పించండి.

తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి. కల్లు, సారా అసలే వద్దు. నొప్పికి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి టీటీ ఇంజెక్షన్, సెలైన్ పెట్టించుకోవడం కూడా మామూలే. ఆ అరగంట చాలా ఖరీదైనది. పైగా నెత్తురు గడ్డకట్టని మనిషికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారుతూనే ఉంటుంది.

వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా ఉన్నా మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బైకు మీద పోవాల్సి వస్తే మధ్యలో కూర్చోబెట్టి వెనక ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి. దారిలోనే దవాఖానకు ఫోన్ చేసి విరుగుడు మందు ఉందా అని అడగండి. మీ పీహెచ్‌సీలో ఆ మందు ఉంటుందా, రాత్రిపూట ఎవరుంటారు అన్నది జూన్ రాకముందే ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకుని పెట్టుకోవాల్సిన విషయం. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల దవాఖానలున్నాయి. కనురెప్పలు వాలుతుంటే వెంటిలేటర్ ఉన్న పెద్ద దవాఖాన కావాలి, కానీ పీహెచ్‌సీ దారిలోనే ఉండి మందు అక్కడ ఉంటే మొదటి డోసు అక్కడే వేయించుకుని పోవడం మంచిది.

పామును వెంట తీసుకుపోకండి. దూరం నుంచి ఫోన్లో ఫొటో దొరికితే తీయండి, లేకపోతే వదిలేయండి. డాక్టరు లక్షణాలు చూసే వైద్యం చేస్తారు.

ఇంకొకటి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. నాగుపాము, కట్లపాము విషంతో ఒళ్ళంతా చచ్చుబడిన మనిషి కళ్ళు తెరవడు, పలకడు, చెయ్యి ఎత్తితే పడిపోతుంది. చూసేవాళ్ళకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. కానీ లోపల అంతా వినిపిస్తూ ఉండొచ్చు. ఊపిరి ఆగితే నోట్లో నోరు పెట్టి ఊదుతూ దవాఖానకు చేర్చండి. దారిలోంచి బండి వెనక్కి తిప్పకండి. ఇలాంటివాళ్ళు వెంటిలేటర్ మీద కొన్ని రోజులుండి లేచి నడిచి ఇంటికి వచ్చారు.

ఎనిమిదో మెట్టు: దవాఖానలో ఏం జరుగుతుందో తెలిసి ఉండడం

చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ‘పాము కరిచిందంటే ఇంజెక్షన్ వేయకుండా కూర్చోబెట్టారు’ అని బంధువులు కేకలు వేస్తారు. కరిచిన ప్రతి ఒక్కరికీ విరుగుడు వేయరు. అది గుర్రాల రక్తం నుంచి తయారైన మందు, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం లాంటి రియాక్షన్ వస్తుంది. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తేనే వేస్తారు. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుంటారు.

నెత్తురు మీద విషం పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కొంచెం రక్తం తీసి పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. మొదట బాగానే ఉన్నా మళ్ళీ మళ్ళీ చేస్తారు. కనురెప్పలు ఎత్తమంటారు, వేలు చూడమంటారు, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. ఇవన్నీ వైద్యమే.

మందు వేయాల్సి వస్తే మొదట 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు) సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. పసిపిల్లకైనా అదే డోసు, ఎందుకంటే పసిపిల్ల కదా అని పాము విషం తగ్గించి కరవదు. గర్భిణికీ ఇవ్వాల్సిందే. కాటు గుర్తు లేకపోయినా, లక్షణాలు లేకపోయినా కనీసం 24 గంటలు దవాఖానలో ఉండాలి. కట్లపాము విషం ఆలస్యంగా బయటపడుతుంది. ‘బాగానే ఉన్నాడు కదా’ అని సంతకం పెట్టి అర్ధరాత్రి తీసుకొచ్చేయకండి. ఎంత మూత్రం పోశాడో, ఏ రంగులో ఉందో నర్సుకు చెబుతూ ఉండండి, కిడ్నీల సంగతి ముందుగా అక్కడే తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: ఇంటికొచ్చాక

విరుగుడు మందు ఎక్కినవాళ్ళకు వారం, పది రోజుల తర్వాత జ్వరం, కీళ్ళ నొప్పులు, దురద రావొచ్చు. అది మందు వల్ల వచ్చే రియాక్షన్, మళ్ళీ విషం ఎక్కడం కాదు. దానికి మాత్రలున్నాయి, అదే దవాఖానకు వెళ్ళి చూపించుకోండి. మూత్రం తగ్గినా, ముఖం, కాళ్ళు ఉబ్బినా ఆగకుండా వెళ్ళాలి. గాటు దగ్గర కండ నల్లబడితే పసరు కట్టకుండా సర్జన్‌కు చూపించండి.

ఒకసారి కాటు తిని బతికినవాళ్ళకు ఒంట్లో విషాన్ని తట్టుకునే శక్తి వస్తుందని కొందరు ధైర్యంగా తిరుగుతారు. అలాంటి రక్షణ ఏదీ మిగలదు. ఏడాది తర్వాత మళ్ళీ కరిచినా అదే 108, అదే దవాఖాన, అవే 8 నుంచి 10 వయల్స్. మునుపు మందు ఎక్కించుకున్న సంగతి, అప్పుడు రియాక్షన్ వచ్చిందా లేదా అన్నది డాక్టరుకు ముందుగా చెప్పండి. పాత డిశ్చార్జ్ కాగితం ఆధార్ కార్డుతో పాటు దాచిపెట్టుకోండి.